తిరుపతి ఏటీఎంలో అమెరికా కార్డు పెడుతున్నారా? ఆ డాలర్ల స్క్రీన్ దగ్గర ఒక్క నిమిషం ఆగండి

మొక్కు తీర్చుకోవడానికో, పెళ్లికో, పిల్లల సెలవులకో విదేశాల నుంచి తిరుపతి వచ్చేవాళ్లు, వాళ్ల కోసం ఇక్కడ ఎదురుచూసే అమ్మానాన్నలు దయచేసి ఇది చదవండి. నేను డాలస్‌లో ఉంటాను. పుట్టి పెరిగింది తిరుపతిలోనే. చిన్నప్పటి నుంచి తిరిగిన వీధిలో, పట్టపగలు, ఏ దొంగా చెయ్యి వెయ్యకుండానే 30 డాలర్లు పోగొట్టుకున్నాను.

2024 జూన్‌లో మా బాబుకి కొండ మీద కల్యాణకట్టలో పుట్టువెంట్రుకలు తీయించాం. మర్నాడు తిరుచానూరులో దగ్గరి చుట్టాలకి భోజనాలు పెట్టుకున్నాం. వంటాయనకి, గిన్నెలు అద్దెకిచ్చినవాళ్లకి, పూలవాళ్లకి, బండివాళ్లకి అందరికీ చేతికి డబ్బే ఇవ్వాలి. మొత్తం 40,000 కావాలి. గాంధీ రోడ్డు పక్కన ఒక ఏటీఎంకి వెళ్లాను. ఒక్కసారికి 10,000 కంటే ఇవ్వనంది, అందుకని నాలుగుసార్లు కార్డు పెట్టాల్సి వచ్చింది.

పిన్ కొట్టి 10,000 అని నొక్కాక ఒక కొత్త స్క్రీన్ వచ్చింది. 127.39 డాలర్లు తీసుకుంటాం, డాలరుకి 78.50 రూపాయలు, ఈ కన్వర్షన్‌కి ఒప్పుకుంటారా అని ఇంగ్లీషులో ఉంది. ఒక పక్క ‘యాక్సెప్ట్’, ఇంకో పక్క ‘డిక్లైన్’. నా వెనక ఆరుగురు నిలబడి ఉన్నారు. ‘బిరీన కానీమ్మా, బస్సుకు పోవాల’ అంటున్నాడొక పెద్దాయన. ఆయన తప్పేమీ లేదు, పాపం ఎండలో నిలబడి ఉన్నాడు. డిక్లైన్ నొక్కితే డబ్బు రాదేమో, కార్డు లోపలే చిక్కుకుపోతుందేమో అని నాకు టెన్షన్. యాక్సెప్ట్ నొక్కేశాను. నాలుగుసార్లూ అదే చేశాను.

ఆ రోజు డాలరు ధర 83 రూపాయల 40 పైసల దగ్గర ఉంది. అంటే 10,000కి 120 డాలర్లు సరిపోవాలి. ఒక్కోసారికి ఏడున్నర డాలర్లు ఎక్కువ పోయాయి. నాలుగుసార్లకి 30 డాలర్లు, మన డబ్బుల్లో 2,500 రూపాయలు. పూలవాళ్లకి ఇచ్చినదానికంటే ఎక్కువ.

దీన్ని డైనమిక్ కరెన్సీ కన్వర్షన్ అంటారు, పొట్టిగా డీసీసీ. మన కార్డు విదేశీ బ్యాంకుదని మెషీన్‌కి తెలిసిపోతుంది. రూపాయల్ని డాలర్లలోకి తానే మార్చి ఇస్తానంటుంది, ఆ రేటులోనే తన లాభం కలుపుకుంటుంది. డిక్లైన్ అంటే వద్దన్నది ఆ మార్పిడిని మాత్రమే, డబ్బుని కాదు. అది నొక్కినా అదే 10,000 చేతికొస్తుంది. లెక్క రూపాయల్లో వెళ్తుంది, వీసా గానీ మాస్టర్‌కార్డ్ గానీ తమ రేటుతో డాలర్లలోకి మారుస్తాయి. ఆ రేటు మార్కెట్ రేటుకి చాలా దగ్గరగా ఉంటుంది. ఈ ఒక్క విషయం నాకు ముందు తెలియదు. తెలిసి ఉంటే వెనక ఎంతమంది తొందరపెట్టినా సరైన బటన్ నొక్కేదాన్ని.

డాలస్ వెళ్లాక బ్యాంకుకి ఫోన్ చేశాను. మూడు స్లిప్పులు అక్కడే పారేశాను, నాలుగోది కొండ మీద ఇచ్చిన కుంకుమ పొట్లంతో పాటు పర్సులో ఉండిపోయింది. ఎర్రగా అంటుకున్న ఆ కాగితం అడుగున చిన్న అక్షరాల్లో ఉంది: రూపాయల్లో చెల్లించే అవకాశం నాకు ఇచ్చారు, ఈ రేటుకి నేను ఒప్పుకున్నాను అని. మీరే ఒప్పుకున్నారు కాబట్టి మేం చేయగలిగిందేమీ లేదన్నారు బ్యాంకువాళ్లు.

పైగా మా బ్యాంకు ఒక్కోసారికి 5 డాలర్లు, అది కాక తీసిన డబ్బు మీద 3 శాతం విదేశీ లావాదేవీ రుసుము కూడా వేసింది. డాలర్లలో ఒప్పుకుంటే ఈ 3 శాతం తప్పుతుందని కొందరు నమ్ముతారు. కానీ ఏటీఎం ఏ దేశంలో ఉందో చూసి మా బ్యాంకు ఆ రుసుము వేసింది. బయల్దేరే ముందే మీ బ్యాంకు రుసుములు కనుక్కోండి. ఈ రుసుములు లేని కార్డులూ ఉన్నాయి.

ఇంకా మంచి దారి, ఇక్కడి బ్యాంకులో ఎన్ఆర్ఈ లేదా ఎన్ఆర్ఓ ఖాతా (విదేశాల్లో ఉండే మనవాళ్ల కోసం ఇచ్చే ఖాతాలు) ఉంటే దాన్ని యూపీఐకి కలుపుకోవడం. అమెరికా, కెనడా, యూకే, సింగపూర్, యూఏఈ, సౌదీ సహా పది దేశాల ఫోన్ నంబర్లతో ఇలా చేసుకోవచ్చని యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ 2023లోనే చెప్పింది. ఆ మొదటి పదింటిలో కువైట్ లేకపోవడం నాకు బాధనిపించింది, మనవైపు నుంచి అక్కడికెళ్లి కష్టపడేవాళ్లు ఎంతమందో. మీ దేశం సంగతి మీ బ్యాంకులో అడిగి చూడండి. టీ కొట్టు నుంచి ఆటో దాకా ఊళ్లో అంతా స్కానే, కాబట్టి ఏటీఎం అవసరం సగానికి సగం తగ్గిపోతుంది.

ఏటీఎం ఒక్కటే కాదు, కార్డు గీకే చోటల్లా ఇదే. ఈసారి వచ్చినప్పుడు అత్తగారి తరఫువాళ్లకి రూములు తీసుకున్న హోటల్లో బిల్లు కట్టబోతే, కౌంటర్‌లో అబ్బాయి నన్ను అడక్కుండానే డాలర్లు నొక్కేశాడు. స్లిప్పు మీద డాలర్ల అంకె కనపడగానే ఆపాను.

‘ఫారిన్ కార్డులకి అట్నే కొడతాం మేడం’ అన్నాడు.

‘అది నేను చెప్పాలి బాబూ, నువ్వు కాదు. క్యాన్సిల్ చేసి రూపాయల్లో కొట్టు’ అన్నాను. ఎంచుకునే హక్కు కార్డు ఉన్నవాళ్లదేనని వీసా, మాస్టర్‌కార్డ్ నియమాల్లోనే ఉంది. వాళ్ల మేనేజర్‌ని పిలిచాడు, ఆయన ఒక్క మాట కూడా ఎదురు చెప్పకుండా క్యాన్సిల్ చేయించి మళ్లీ గీకించాడు. రెండు నిమిషాలు పట్టింది. రెండు స్లిప్పులూ అడిగి తీసుకున్నాను.