చౌక హైడ్రేషన్ బ్లాడర్ కొంటున్నారా? రిటర్న్ గడువు దాటకముందే ఇవి చూసుకోండి

మూడు నాలుగు వందలకు ఆన్‌లైన్‌లో దొరికే 2 లీటర్ల హైడ్రేషన్ బ్లాడర్ (వీపు బ్యాగులో పెట్టుకుని, నడుస్తూనే పైపుతో తాగే నీళ్ల సంచి) కార్ట్‌లో పెట్టినవాళ్లు కాస్త ఆగండి. ఈ ధరలో వచ్చే సంచులు చాలావరకు రెండే చోట్ల చెడతాయి: నీళ్లు పోసే మూత దగ్గర, పైపు తగిలించే మూతి దగ్గర. సింకు దగ్గర నింపి చూస్తే ఒక్క చుక్క కారదు. బ్యాగులో పెట్టి, ముందు బట్టలూ టిఫిన్ డబ్బా కుక్కి, వీపున వేసుకుని గంట నడిచాక మొదలవుతుంది. వీపు తడిస్తే అందరూ చెమటే అనుకుంటారు. తీరా బ్యాగు విప్పితే సగం నీళ్లు ఉండవు, అడుగున ఫోనూ పవర్‌బ్యాంకూ నానుతుంటాయి.

అలా ఎందుకు కారుతుందంటే, ఈ సంచి రెండు ప్లాస్టిక్ పొరలను అంచుల వెంట వేడితో అతికించి చేసేది. పొర మెత్తగా వంగుతుంది. మూత కూర్చునే రింగు, పైపు మూతి మాత్రం గట్టివి, వంగవు. వంగేదీ వంగనిదీ కలిసే గీత మీదే లాగుడంతా పడుతుంది. అతుకు పెట్టేటప్పుడు వేడి సరిగా తగలకపోతే అక్కడే విడుతుంది. అందుకే పార్సిల్ విప్పగానే సంచిని వెలుతురుకు ఎదురుగా పట్టి, పైపు మూతిని మెల్లగా అటూ ఇటూ వంచి చూడండి. మూతి చుట్టూ సన్నటి తెల్లగీత తేలినా, అతుకు ఒకవైపు వేలెడు వెడల్పు, ఇంకోవైపు దారమంత ఉన్నా ఉంచుకోవద్దు. ఫెవిక్విక్ పెట్టి లాగించే ఆలోచన వద్దే వద్దు. అది ఆరాక పెళుసెక్కి, సంచి వంగగానే పగులుతుంది. పైగా అవి తాగే నీళ్లు.

మూతల్లో గుండ్రటి మర మూత ఒకటి, సంచి పైఅంచును మడిచి క్లిప్పు జారించేది ఇంకొకటి. తక్కువ ధరలో అయితే మడత మూతే నయం. మర తప్పే బాధ ఉండదు, లోపలికి చెయ్యి పెట్టి కడగొచ్చు. క్లిప్పు మాత్రం దారంతో సంచికి కట్టి ఉన్నదే చూసుకోండి, అది పోతే సంచి పనికిరాదు. మర మూత సంచి ఇప్పటికే కొనేసి ఉంటే బిగించే పద్ధతి ఇది: మూత పెట్టి ముందు ఎడమకు నెమ్మదిగా తిప్పండి. మర అంచు కుదిరిన చోట చిన్నగా టక్‌మని మూత కిందికి దిగుతుంది, అప్పుడు కుడికి తిప్పి బిగించాలి. మర తప్పి కూర్చున్న మూత ఎంత బిగించినా కారుతూనే ఉంటుంది. లోపలి రబ్బరు వాషరు మెలికపడిందేమో, దాని కింద ఇసుక ఉందేమో కూడా చూడండి. ఒక్క రేణువు చాలు.

ఇక అసలు పరీక్ష. ట్రెక్ వచ్చే నెల కదా అని సంచిని అటక మీద పెట్టేస్తే రిటర్న్ గడువు కాస్తా దాటిపోతుంది. వచ్చిన రోజే మొదలుపెట్టండి. లీటరు సీసాతో రెండుసార్లు కొలిచి పోయండి. రెండో సీసా పూర్తిగా పట్టకపోతే 2 లీటర్లన్న మాట అబద్ధమే. గాలి బయటికి నొక్కేసి మూత బిగించి, కింద పాత పేపరు పరిచి సంచిని పడుకోబెట్టండి. దాని మీద పీట వేసి, పీట మీద 10 కిలోల బియ్యం సంచి పెట్టి 10 నిమిషాలు ఉంచండి. వీపుకీ సామానుకీ మధ్య నలిగే ఒత్తిడి ఎలా ఉంటుందో దీంతో కొంత తెలుస్తుంది. తర్వాత కింద పొడి పేపరు పరిచి, పైపు మూతి కిందికి వచ్చేలా రాత్రంతా వేలాడదీయండి. పొద్దున పేపరు మీద ఎక్కడ తడి మచ్చ ఉందో, దానికి సరిగ్గా పైన ఏ అతుకుందో ఫొటో తీసి పెట్టుకోండి.

పైపు చివరి బైట్ వాల్వును పళ్లతో నొక్కి, తాగి, వదిలేయండి. ఆ తర్వాత కూడా చుక్కలు పడుతుంటే సిలికాన్‌లోని చీలిక సరిగా మూసుకోవడం లేదని అర్థం. వాల్వు దగ్గర నీళ్లు కట్టేసే మీట లేని సంచి అసలు కొనకండి. బ్యాగు కింద పెట్టినప్పుడు వాల్వు రాయికి నొక్కుకుంటే, గమనించేలోపు నీళ్లన్నీ నేలపాలవుతాయి.

వాసన సంగతి. కొత్త సంచిలో కొంచెం ప్లాస్టిక్ వాసన మామూలే. లీటరు గోరువెచ్చని నీళ్లలో రెండు పెద్ద చెంచాల వంటసోడా కలిపి, పైపులోకీ ఎక్కించి, రాత్రంతా ఉంచి కడిగితే తగ్గుతుంది. మరిగే నీళ్లు పోయకండి, అతుకులు దెబ్బతింటాయి. రెండు మూడు సార్లు ఇలా కడిగినా కొత్త రెయిన్‌కోటు వాసన వదలకపోతే వెనక్కి పంపేయండి. 'బీపీఏ ఫ్రీ' (బీపీఏ అనే ప్లాస్టిక్ రసాయనం లేదు) అని చూసి నిశ్చింత పడొద్దు. సంచి దేనితో చేశారో ఆ మాట చెప్పదు, పీవీసీ సంచి మీదా అదే రాయొచ్చు. 'టీపీయూ' (రబ్బరులా సాగే ఒక రకం ప్లాస్టిక్) అని స్పష్టంగా రాసినవాటిని చూడండి, మడతల దగ్గర త్వరగా పగలవు.

పేజీలో అయిదు నక్షత్రాల రివ్యూలు చూసి నమ్మకండి. చాలామంది డెలివరీ రోజే రాసేస్తారు, అప్పటికి సంచిలో నీళ్లే పోసి ఉండరు. కొత్తవి ముందు వచ్చేలా పెట్టుకుని, ఫొటోలున్న ఒకటి, రెండు నక్షత్రాలవి చదవండి. ఒకే అచ్చులో పోసిన సంచి పది పేర్లతో అమ్ముతుంటారు. మూత ఆకారం, పైపు మూతి ఫొటోలు పోల్చి చూస్తే తెలిసిపోతుంది. పేరు మార్చి కొన్నా ఆ అతుకే వస్తుంది. 'రీప్లేస్‌మెంట్ మాత్రమే' అని ఉంటే ఇంకా జాగ్రత్త, అదే సరుకు మళ్లీ పంపుతారు.

వెనక్కి పంపేటప్పుడు పూర్తిగా ఆరబెట్టి పంపండి, తడిగా ఉంటే వాడేశారంటారు. కారుతున్న వీడియో, లేబుల్ ఫొటో దగ్గరుంచుకోండి. అమ్మినవాళ్లు పలక్కపోతే ఆ సైట్ గ్రీవెన్స్ (ఫిర్యాదుల) అధికారికి రాయండి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. అక్కడా పని కాకపోతే 1915, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్.

పరీక్షలన్నీ నెగ్గిన సంచినైనా మొదటిసారే సలేశ్వరం లాంటి చోటికి నమ్ముకుని వెళ్లకండి. చైత్రపు ఎండలో నల్లమల రాళ్ల మీద దిగి ఎక్కేటప్పుడు ఒక మనిషికి గంటకు అరలీటరు పైనే కావాలి. ముందు దగ్గర్లో ఎక్కడైనా రెండు మూడు గంటలు నడిచి చూడండి. ఆ తర్వాత కూడా లీటరు సీసా ఒకటి నింపి, బ్యాగు పక్క జేబులో విడిగా పెట్టుకోండి. గ్లూకోజ్, ఓఆర్‌ఎస్, మజ్జిగ ఆ సీసాలోనే కలుపుకోవాలి. బ్లాడర్‌లో పోస్తే పైపు లోపల పాచి పడుతుంది, సన్నటి బ్రష్ లేకుండా అది పోదు. డబ్బు మరీ ఇబ్బందైతే బ్లాడర్ మానేసి లీటరు సీసాలు రెండింటితోనే వెళ్లండి. కారే సంచి కన్నా అవే మేలు.