రబ్బీ అకీవా వీధిలో పప్పుల కొట్టు: సావ్తాకి చిరుతిళ్ళు కొనే మనవాళ్ళ కోసం

ఇజ్రాయెల్‌లో, బ్నెయ్ బ్రాక్ ఊళ్ళోనూ యెరూషలేములోనూ నిష్ఠగా ఉండే యూదుల ఇళ్ళల్లో పనిచేస్తున్న మన కేర్‌గివర్ల కోసం ఇది రాస్తున్నాను. బ్నెయ్ బ్రాక్ రబ్బీ అకీవా వీధిలో నేను పప్పులూ ఎండు పండ్లూ కొనే కొట్టు ఒకటుంది. ఇలాంటి కొట్లని ఇక్కడ పిత్సుఖియా అంటారు. ఇంతకంటే చవకగా ఇచ్చేవాళ్ళు చుట్టుపక్కల ఉన్నారు. అయినా నేను దీనికే వెళ్తాను. ఇక్కడ ప్రతి డబ్బా ముందూ ధర చీటీ పక్కన ఇంకో చిన్న చీటీ ఉంటుంది. ఆ తిండికి ఏ బ్రాఖా చెప్పాలో దాని మీద రాసి ఉంటుంది.

కొత్తగా వచ్చినవాళ్ళకి రెండు ముక్కలు. వీళ్ళు ఏది తిన్నా, దాహానికి మంచినీళ్ళు తాగినా, ముందు దేవుణ్ణి స్తుతిస్తూ ఒక్క వాక్యం చెప్తారు. అదే బ్రాఖా. మొదలు అన్నిటికీ ఒకటే, చివర మారుతుంది. చెట్టుకు కాసినదానికి హాఎత్స్, నేలలో పండినదానికి హాఅదామా, గోధుమ, బార్లీ లాంటి ఐదు ధాన్యాల పిండితో చేసినవాటికి మెజోనోత్, మిగతావాటికి షెహకోల్. రొట్టెకీ ద్రాక్షారసానికీ వేరే ఉన్నాయి గానీ చిరుతిళ్ళ దగ్గర వాటితో పెద్దగా పని పడదు.

నేను చూసుకునే సావ్తాకి (హీబ్రూలో సావ్తా అంటే అమ్మమ్మ, నానమ్మ) ఈ లెక్కలన్నీ నోటికి వచ్చు. చూపే బాగా తగ్గిపోయింది. చేతిలో ఏం పెట్టినా "ఇదేంటి, దేంతో చేశారు?" అని అడిగి, జవాబు విన్నాకే బ్రాఖా మొదలుపెడుతుంది. ఆ జవాబు సరిగ్గా చెప్పాల్సింది నేను. వేళకి మందు ఇవ్వడం ఎంత ముఖ్యమో నాకు ఇదీ అంతే ముఖ్యం. ఏమీ తేలనప్పుడు షెహకోల్ చెప్పినా చెల్లుతుందని మిష్నా అనే యూదుల ప్రాచీన ధర్మ గ్రంథంలో, బెరఖోత్ అనే భాగం ఆరో అధ్యాయంలోనే ఉందట. కానీ తెలుసుకునే వీలుండగా అలా దాటేయడం ఆవిడకి అస్సలు ఇష్టం ఉండదు.

ఇక కొట్టు సంగతి. లోపలికి వెళ్ళగానే ఎడమ పక్క బాదం, జీడిపప్పు, పిస్తా, అక్రోటు వరసగా ఉంటాయి. అన్నీ హాఎత్స్. ఎదురుగా పల్లీలు, పొద్దుతిరుగుడు గింజలు, గుమ్మడి గింజలు. అవి హాఅదామా. ఇంతవరకూ ఎవరైనా చెప్పగలరు. చీటీల విలువ ఆ పక్క అరల దగ్గర తెలుస్తుంది. ఎండు మామిడికీ ఎండు కొబ్బరికీ హాఎత్స్ అని ఉంటే, వాటి మధ్యలో ఉన్న అరటికాయ చిప్స్‌కి హాఅదామా అని ఉంటుంది. నాది రావులపాలెం దగ్గర ఊరు, అరటి తోటల మధ్య పెరిగినదాన్ని. కారణం వినగానే నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. గెల కోశాక ఆ చెట్టు మళ్ళీ కాయదు, నరికేస్తాం, పక్కన పిలక పైకొస్తుంది. ఏటేటా అదే మాను నిలబడి కాస్తేనే వీళ్ళ లెక్కలో చెట్టు. అందుకే అరటిపండు నేల పంటల్లోకి వెళ్ళింది. మా నాన్నకి ఫోన్లో చెబితే, "వాళ్ళకి తోట పని బాగా తెలుసే" అన్నాడు.

రెండో సంగతి, వస్తువు రూపం. బంగాళాదుంపని పల్చగా తరిగి వేయిస్తే దుంప దుంపలాగే కనిపిస్తుంది కాబట్టి హాఅదామా. అదే దుంపని పిండి చేసి, అచ్చులో ఒత్తి, గొట్టం డబ్బాలో పేర్చి అమ్మే చిప్స్‌కి ఎక్కువమంది షెహకోల్ చెప్తారు. మొక్కజొన్న గింజ పేలితే పాప్‌కార్న్, హాఅదామా. ఆ మొక్కజొన్ననే నూకగా ఆడించి పొంగించి వేరుశెనగ ముద్ద పట్టించిన బాంబాకి ఎక్కువమంది షెహకోల్ అంటారు. ఓసెమ్ కంపెనీ 1964 నుంచి చేస్తున్న ఈ బాంబా ఇక్కడ పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ కనిపిస్తుంది. అదే కంపెనీ బిస్లీ పాకెట్ దాని పక్కనే వేలాడుతుంటుంది. అది గోధుమ పిండితో చేసింది కాబట్టి మెజోనోత్. చాక్లెట్‌కి, కోకో చెట్టుకే కాసినా, షెహకోల్.

నాకు ఈ కొట్టు మీద నమ్మకం కుదిరింది మాత్రం ఏమీ రాయని రెండు డబ్బాల వల్ల. ఒకటి కబుకీమ్, అంటే పిండి పూత పూసి కరకరలాడేలా వేయించిన పల్లీలు. ఆ పూత రుచి కోసమే కాబట్టి మెజోనోత్ అని కొందరు, అసలు తినేది పల్లీ కాబట్టి హాఅదామా అని కొందరు. రెండోది పొంగించిన బియ్యంతో చేసిన గుండ్రటి బిళ్ళలు, మన మరమరాల ఉండని చదునుగా నొక్కినట్టుంటాయి. బియ్యం ఆ ఐదు ధాన్యాల్లో లేకపోయినా, ఉడికించిన అన్నానికైతే మెజోనోత్ అని దాదాపు అందరూ ఒప్పుకుంటారు. పొంగించిన బియ్యం దగ్గరికి వచ్చేసరికి మెజోనోత్ అని కొందరు, హాఅదామా అని కొందరు. ఈ రెండు డబ్బాల మీదా "మీ రబ్బీని (మత గురువుని) అడగండి" అని మాత్రమే ఉంది. ఏదో ఒకటి రాసేస్తే సరుకు తొందరగా కదులుతుంది, అడిగేవాళ్ళూ తగ్గుతారు. కొట్టు ఓనరు అలా చేయలేదు. సావ్తా వాళ్ళ అబ్బాయి తమ రబ్బీని అడిగి చెప్పాకే మేం కబుకీమ్ కొన్నాం.

ఓనరు పెద్దాయన, మాటలు తక్కువ, ఓపిక ఎక్కువ. నాకు హీబ్రూ చదవడం ఇంకా పూర్తిగా రాదు. రద్దీ లేనప్పుడు అడిగితే పాకెట్ వెనక రాసి ఉన్నదంతా చదివి చెప్తాడు. బ్రాఖా నేర్పేటప్పుడు దేవుడి పేరు పలకడు, ఆ చోట "హషేమ్" అంటాడు. నిజంగా తినబోతున్నప్పుడే అసలు పేరు పలకాలట. ఎండు అంజూరం తూచి ఇస్తూ, "ప్రతి కాయా విప్పి, వెలుతురులో పట్టుకుని పురుగు ఉందేమో చూసి పెట్టు" అని గుర్తుచేస్తాడు. ఆ మాట చెప్పి అమ్మేవాళ్ళు తక్కువ. కోషెర్ పత్రం, అంటే సరుకు యూదుల ఆహార నియమాలకి తగ్గట్టే ఉందని చెప్పే పత్రం, గల్లా వెనక గోడకి తగిలించి ఉంటుంది. విడిగా తూచి అమ్మే సరుక్కి పాకెట్ మీద ముద్ర ఉండదు కాబట్టి, వెళ్ళగానే ముందు ఆ పత్రం చూసుకోండి.

నచ్చనివీ ఉన్నాయి. మిక్చర్ పాకెట్ల మీద ఏ చీటీ ఉండదు. పల్లీలు, గోధుమ కడ్డీలు, ఎండుద్రాక్ష అన్నీ కలిపేసి సీలు వేస్తారు. మాలాంటి వాళ్ళకి అది పనికిరాదు, విడివిడిగా కొనుక్కోవాల్సిందే. చాక్లెట్ పూసిన బాదం చీటీ ఈమధ్య చిరిగిపోయింది, రెండుసార్లు చెప్పినా మార్చలేదు. అక్షరాలు మరీ చిన్నవి. తు బిష్వాత్ అనే చెట్ల పండగ ముందు, పూరీమ్ పండగ ముందు లోపల కాలు పెట్టలేం, అప్పుడు ఏమడిగినా జవాబు రాదు.

అయితే తు బిష్వాత్‌కి ఆయన కట్టే పళ్ళెం మాత్రం తప్పకుండా కొనదగ్గది. ఖర్జూరం, అంజూరం, ఎండుద్రాక్ష ముందు వరసలో పెడతాడు. ద్వితీయోపదేశకాండం ఎనిమిదో అధ్యాయంలో ఆ దేశపు పంటలు చెప్పిన వచనం చర్చిలో చిన్నప్పుడు కంఠస్థం చేసినదాన్ని నేను: గోధుమలు, యవలు, ద్రాక్ష, అంజూరం, దానిమ్మ, ఒలీవ, తేనె. ఆ తేనె అంటే ఖర్జూరపు తేనె అని సావ్తా దగ్గరే విన్నాను. పళ్ళెంలో ఈ ఏడింటికీ పెద్దపీట. అందుకే సావ్తా హాఎత్స్ చెప్పి ఖర్జూరం ముందు తింటుంది, బాదం తర్వాత. మామూలు రోజుల్లోనూ ఇదే క్రమం: గోధుమ కడ్డీ ఉంటే మొదట అది, తర్వాత చెట్టువి, తర్వాత నేలవి, చివర చాక్లెట్.

పెట్టే పద్ధతి కూడా చెప్తాను, మనవాళ్ళకి ఎవరూ చెప్పరు. పిస్తా పెంకు ముందే వలిచి సిద్ధం చేసుకోండి. బ్రాఖాకీ నోట్లో వేసుకోవడానికీ మధ్య ఆలస్యం కాకూడదు. కుడిచేతిలో పెట్టండి. ఏమిటో ఒక్క మాటలో చెప్పి ఊరుకోండి. ఆవిడ చెప్పడం అయ్యాక నేను ఆమేన్ అంటాను. నమిలి మింగేదాకా ఏమీ అడగను, టీవీలో కబుర్లు వస్తున్నా సరే.

ధరలు వీధిలో మిగతా కొట్ల కంటే కొంచెం ఎక్కువే, బాదం, పిస్తా దగ్గర ఆ తేడా బాగా తెలుస్తుంది. పొద్దుతిరుగుడు గింజలు, అరటి చిప్స్ చవకే. అరటి చిప్స్ తాజాగా ఉంటాయి, కొబ్బరినూనె వాసన వస్తుంది. శుక్రవారం మధ్యాహ్నానికే మూసేస్తారు, శనివారం చీకటి పడేదాకా తెరవరు. పస్కా ముందు సగం అరలకి తెరలు కడతారు. ఐరోపా నుంచి వచ్చిన చాలా కుటుంబాలు ఆ వారం పల్లీలు, గింజలు ముట్టరు. మీ ఇంటివాళ్ళ ఆచారం ఏదో కనుక్కుని వెళ్ళండి. అంజూరం, ఖర్జూరం మాత్రం బుధవారమే తెచ్చుకోండి, గురువారం సాయంత్రానికి మంచివి అయిపోతాయి.