సూపర్నోవా (పేలిన నక్షత్రం) అవశేషం నడిబొడ్డున ఉన్న న్యూట్రాన్ నక్షత్రం ఎక్స్‌కిరణాల పల్స్ వెతకాలంటే ఏది మేలు: ఎక్స్‌ఎంఎం-న్యూటన్ ఉపగ్రహంలోని పీఎన్ కెమెరా స్మాల్ విండోనా, చంద్రా టెలిస్కోపు సీసీ మోడా, అంతరిక్ష కేంద్రం మీది నైసరా?

ఫోటాన్ రాకను నైసర్ 300 నానోసెకన్ల కన్నా మెరుగ్గా నమోదు చేస్తుంది కదా, ఇంకా ఎక్స్‌ఎంఎం-న్యూటన్ దేనికని చాలామంది అడుగుతున్నారు. సూపర్నోవా అవశేషం మధ్య ఉన్న న్యూట్రాన్ నక్షత్రం దగ్గర గడియారం కన్నా నేపథ్యమే అసలు సమస్య.

కెస్ 79 అనే అవశేషంలోని నక్షత్రం పీరియడ్ (ఒక చుట్టు తిరిగే సమయం) 105 మిల్లీసెకన్లు, పప్పిస్ ఎలోనిది 112, పీకేఎస్ 1209-51/52లోనిది 424. వీటికి నానోసెకన్లు అక్కర్లేదు. పీఎన్ స్మాల్ విండో ఫ్రేమ్ 5.7 మిల్లీసెకన్లు, ఒక చక్రానికి కనీసం రెండు ఫ్రేములు కావాలి కాబట్టి 11.4 మిల్లీసెకన్ల పీరియడ్ దాకా వెతకొచ్చు. ఫుల్ ఫ్రేమ్ (73.4) మాత్రం వద్దు. 147 లోపు పీరియడ్లు దాని చేతికి చిక్కవు, పై మూడింట్లో రెండు అక్కడే పోతాయి.

ఇప్పుడు లెక్క. 50,000 సెకన్ల పరిశీలన, 88 హెర్ట్జ్ (అంటే ఆ 11.4 మిల్లీసెకన్ల పీరియడ్) దాకా వెతుకులాట: సుమారు 44 లక్షల ఫ్రీక్వెన్సీలు. తప్పుడు పల్స్ తగిలే అవకాశం వెయ్యికి ఒకటి మించకూడదంటే జెడ్-స్క్వేర్ (పల్స్ ఎంత బలంగా ఉందో చెప్పే కొలత) విలువ 44 దాటాలి. సైన్ ఆకారపు పల్స్‌కి ఆ విలువ దాదాపు ఫోటాన్ల సంఖ్యను పల్స్ వంతు (మొత్తం వెలుగులో పల్స్ భాగం) వర్గంతో గుణించి సగం చేసినంత. మొత్తం 10,000 ఫోటాన్లుంటే 9 శాతం పల్స్ దొరుకుతుంది. వాటిలో సగం అవశేషానివైతే నక్షత్రం పల్స్ 18 శాతం ఉండాలి. పప్పిస్ ఎలో ఉన్నది 11 శాతమే!

నైసర్ బొమ్మ తీయదు. 5 ఆర్క్‌నిమిషాల వృత్తంలో ఉన్నదంతా కలిపి లెక్కేస్తుంది. పైగా అంతరిక్ష కేంద్రం ప్రతి చుట్టులోనూ డేటాలో ఖాళీలు, వాటివల్ల అసలు ఫ్రీక్వెన్సీ పక్కన తప్పుడు శిఖరాలు. అయితే పల్స్ గట్టి (ఎక్కువ శక్తి గల) ఎక్స్‌కిరణాల్లో ఉంటే కథ వేరు. ఎన్157బిలోని 16 మిల్లీసెకన్ల పల్సార్, కెస్ 75లోని పల్సార్ బొమ్మ తీయలేని ఆర్ఎక్స్‌టీఈ ఉపగ్రహానికే దొరికాయి. కెస్ 79 తరహా నక్షత్రాల వెలుగు మెత్తటిది (తక్కువ శక్తిది), అవశేషం జోరుగా వెలిగేదీ అక్కడే.

చంద్రా సీసీ మోడ్‌లో (బొమ్మను ఒకే వరుసగా కుదించి వేగంగా చదివే పద్ధతి) ఫ్రేమ్‌కి బదులు 2.85 మిల్లీసెకన్లు, అర ఆర్క్‌సెకను పదును. కానీ ఆ పదును ఒక్క దిశలోనే. రెండో దిశలో 8 ఆర్క్‌నిమిషాల మేర ఉన్నదంతా నక్షత్రం మీదకే కుప్పపడుతుంది. అవశేషంలోని కాంతివంతమైన తీగ అదే వరుసలో పడకుండా రోల్ కోణం (టెలిస్కోపు తన అక్షం చుట్టూ ఎంత తిరిగి ఉందో) చూసుకోవాలి, ఆ కోణమేమో తేదీని బట్టి ఉంటుంది. పీఎన్ అంత వైశాల్యం కూడా లేదు.

నా ఓటు పీఎన్ స్మాల్ విండోకే, లైవ్‌టైమ్ (ఫోటాన్లు నిజంగా నమోదయ్యే సమయం) 71 శాతమే అయినా. 15–20 ఆర్క్‌సెకన్ల వ్యాసార్ధంతో ఫోటాన్లు తీయండి, నేపథ్యాన్ని ఆ పక్కనే ఉన్న వలయం నుంచి అంచనా వేయండి. వ్యాసార్ధం మార్చిన ప్రతిసారీ ఒక ట్రయల్ (లెక్కలో కలపాల్సిన అదనపు ప్రయత్నం) పెరిగినట్టే. శక్తి పట్టీలను తప్పక విడదీయండి: పప్పిస్ ఎలో 1.2 కిలో ఎలక్ట్రాన్‌వోల్టులకు కింది పల్స్, పై పల్స్ అర చక్రం తేడాతో ఎదురెదురుగా ఉంటాయి. కలిపితే ఒకదాన్నొకటి చెరిపేస్తాయి. 2001 నాటి డేటాలోనే ఉన్న పల్స్ 2009లో గానీ బయటపడలేదు.

ఎక్స్‌ఎంఎం-న్యూటన్‌లోనే ఉన్న మాస్ కెమెరా ఫుల్ ఫ్రేమ్ 2.6 సెకన్లు, శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆస్ట్రోశాట్ ఎస్ఎక్స్‌టీ టెలిస్కోపు ఫ్రేమ్ 2.4 సెకన్లు. ఈ పనికి రెండూ చాలవు. ఆర్‌సీడబ్ల్యూ 103లోని 6.67 గంటల పీరియడ్ లాంటిదైతే మాస్ చాలు.

ఏదైనా తగిలితే రెండో పరిశీలన చూడండి. ముందు రెండిటికీ నక్షత్రం స్థానంతోనే బేరీసెంటర్ సవరణ (ఫోటాన్ రాకను సౌర కుటుంబ ద్రవ్యకేంద్రం దగ్గరి సమయానికి మార్చడం) చేయాలి, లేదంటే భూమి కదలిక వల్ల ఫ్రీక్వెన్సీ పదివేలలో ఒక వంతు దాకా జరుగుతుంది. ఈ నక్షత్రాలు తిరిగే వేగం తగ్గడం అత్యల్పం కాబట్టి పీరియడ్ అక్కడే రావాలి. అన్నే ఫోటాన్లుండీ రాకపోతే కొట్టేయండి.