ఒకేసారి మొత్తమా, నెలనెలా భరణమా: ఏది మేలు?

విడాకులు ఖాయమయ్యాక రెండు కుటుంబాల మధ్య చివరికి మిగిలే బేరం ఇదే. పాతికో ముప్పయ్యో లక్షలు ఒకేసారి పుచ్చుకుని తెగతెంపులు చేసుకోవడమా, నెలకు ఇంత అని కోర్టులో రాయించుకోవడమా? పెద్దమనుషులు మొదటిదానికే మొగ్గుతారు, "గొడవ వదిలిపోతుంది" అంటారు. చాలామంది వకీళ్ల మాటా అదే. కొన్ని ఇళ్లలో అది మంచి సలహా. కొన్ని ఇళ్లలో అమ్మాయి నిండా మునుగుతుంది. ఎంత ఇస్తారన్న దానికంటే ముందు చూసుకోవలసింది ఒకటుంది: ఇవ్వాల్సిన మనిషి ఇవ్వనంటే, ఆ డబ్బు అతని నుంచి రాబట్టే వీలు ఎంతవరకు ఉంది?

చట్టంలో ఉన్న దారులు

హిందూ వివాహ చట్టం, 1955లోని 25వ సెక్షన్ శాశ్వత భరణానికి మూలం. విడాకుల డిక్రీతో పాటు గానీ, ఆ తర్వాత ఎప్పుడైనా గానీ అడగొచ్చు. కోర్టు ఏకమొత్తంగా ఇప్పించవచ్చు, నెలవారీగానూ ఇప్పించవచ్చు. నెలవారీ అయితే అడిగినవారి జీవితకాలం దాటదు. అవసరమనుకుంటే ఇచ్చేవారి స్థిరాస్తి మీద చార్జ్ కూడా పెట్టవచ్చు, అంటే భరణానికి ఆ ఆస్తినే హామీగా కట్టేయడం. ఈ సెక్షన్ కింద భర్త కూడా భార్య నుంచి భరణం అడగొచ్చన్న సంగతి చాలామందికి తెలియదు. కేసు నడుస్తుండగా 24వ సెక్షన్ కింద వచ్చే మధ్యంతర భరణం వేరు, అది కేసుతోనే ముగుస్తుంది.

ఇక్కడ తరచూ జరిగే పొరపాటు, అసలు అడగకపోవడం. 25వ సెక్షన్ దరఖాస్తు మీద నడుస్తుంది. కౌంటర్‌లో, అంటే అవతలివాళ్ల పిటిషన్‌కు ఇచ్చే జవాబులో, తిట్లన్నీ రాసి భరణం కోరిక రాయకపోతే జడ్జిగారు తనంతట తాను ఇవ్వరు. డిక్రీ తర్వాత వేరే పిటిషన్ వేసుకునే అవకాశం ఉంది గానీ, అప్పటికి ఆధారాలు సేకరించడం కష్టమవుతుంది. ఇంకో మెలిక: విడాకుల పిటిషన్ కొట్టేస్తే ఈ సెక్షన్ కింద భరణం రాదని సుప్రీంకోర్టు 1993లోనే చెప్పింది.

రెండో దారి, పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ) 125వ సెక్షన్. 2024 జూలై 1 నుంచి అది, ఆ కోడ్ స్థానంలో వచ్చిన కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌లో 144 అయింది. ఎం.సి. (మెయింటెనెన్స్) కేసు అంటారే, అదే. విడాకులయ్యాక మళ్లీ పెళ్లి చేసుకోని స్త్రీ కూడా దీని కింద అడగొచ్చు. ఇది మతంతో పనిలేని సెక్షన్. విడాకులు పొందిన ముస్లిం స్త్రీకి కూడా 125 వర్తిస్తుందని 2024 జూలై 10న సుప్రీంకోర్టు తేల్చింది తెలంగాణ నుంచి వెళ్లిన కేసులోనే. అక్కడ ఫ్యామిలీ కోర్టు నెలకు 20,000 వేస్తే హైకోర్టు 10,000కు తగ్గించింది. రిజిస్టర్ ఆఫీసులో ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లి చేసుకున్నవారికి ఆ చట్టంలోని 37వ సెక్షన్ ఉంది. దాని కింద భార్య మాత్రమే అడగగలదు.

ఎంత అన్నది ఎలా తేలుతుంది

"జీతంలో పాతిక శాతం" అన్నది బాగా పాకిపోయిన మాట. 2017లో ఒక కేసులో సుప్రీంకోర్టు, చేతికొచ్చే జీతంలో 25 శాతం సబబుగా ఉంటుందంది. కానీ అదే తీర్పులో భర్త జీతం 95,527 అయితే నెలకు వేసింది 20,000. హైకోర్టు 23,000 ఇస్తే, అతను మళ్లీ పెళ్లి చేసుకున్నాడు, బిడ్డ పుట్టాడు అన్న కారణంతో తగ్గించింది. పాతిక శాతం అన్నది చట్టం కాదని ఆ తీర్పులోని లెక్కే చెబుతోంది.

2020 నవంబరు 4న వచ్చిన రజనేష్–నేహా తీర్పు తర్వాత పద్ధతి మారింది. ఇద్దరూ ఆస్తిఅప్పుల అఫిడవిట్ వేయాలి: జీతం చీటీలు, గత మూడేళ్ల ఐటీ రిటర్నులు, బ్యాంకు ఖాతాలు, ఇళ్లు, పొలాలు, బంగారం, అప్పులు, పోషించాల్సినవాళ్లు. భరణం దరఖాస్తు పెట్టిన తేదీ నుంచి లెక్కకొస్తుంది. వేర్వేరు చట్టాల కింద వచ్చే మొత్తాలను ఒకదానికొకటి సర్దుబాటు చేస్తారు. కాబట్టి ఎం.సి.లో పది, 25లో ఇంకో ఇరవై కలిసొస్తాయనుకుంటే పొరపాటు.

అవతలివాళ్ల అఫిడవిట్‌లో అబద్ధం పట్టుకోవాలంటే కాగితాలు ముందే చేతిలో ఉండాలి. ఫారం 16, పాత రిటర్నులు, పొలానికి 1-బి (రెవెన్యూ రికార్డు) నకలు, ప్లాటుకు ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా), కంపెనీ ఉంటే జీఎస్టీ నంబరు. గొడవ మొదలయ్యాక పొలం తమ్ముడి పేరున మారితే, ఆ తేదీ ఈసీలో కనిపిస్తుంది. కారు ఈఎమ్‌ఐ, కొత్తగా తెచ్చుకున్న పర్సనల్ లోను చూపించి జీతం తక్కువని వాదించడం మామూలే. పన్ను, పీఎఫ్ లాంటి తప్పనిసరి కోతలకు కోర్టులు విలువ ఇస్తాయి. తనంతట తాను పెట్టుకున్న కోతలకు అంతగా ఇవ్వవు. భార్య చదువుకుంది, సంపాదించగలదు అన్న వాదనకూ సుప్రీంకోర్టు 2017లో గీత గీసింది: సంపాదించగలగడం వేరు, సంపాదిస్తుండడం వేరు.

పేపర్లలో వచ్చే కోట్ల తీర్పులు చూసి బేరం పెట్టకండి. 2024 డిసెంబరులోనే ఒక కేసులో భార్యకు అయిదు కోట్లు, కొడుక్కి కోటి. మరో కేసులో భార్యకు పన్నెండు కోట్లు ఇప్పించారు. అయితే ఆ రెండో కేసులోనే, మాజీ భర్త ఆస్తితో సమానం చేయడానికి భరణం లేదని కోర్టు గట్టిగా చెప్పింది. మాజీ భర్త తర్వాత ఎంత ఎదిగితే అంత వాటా రాదు.

లెక్క వేసి చూస్తే

నెలకు 20,000 అనుకుందాం, పాతికేళ్లు. కూడితే 60 లక్షలు. అందుకని 30 లక్షల ఏకమొత్తం సగానికి సగం నష్టం అనిపిస్తుంది. అలా కాదు. ఏడు శాతం వడ్డీ లెక్కన పాతికేళ్లపాటు నెలకు 20,000 తీసుకోవడానికి ఈరోజు బ్యాంకులో సుమారు 28 లక్షలు ఉంటే సరిపోతుంది, చివరికి అసలు కూడా అయిపోతుంది. అంటే పెంపు లేని 20,000 కంటే 30 లక్షలే కొంచెం మేలు.

పెంపు ఉంటే కథ మారుతుంది. 2025 మే 29న సుప్రీంకోర్టు ఒక కేసులో నెలకు 50,000, రెండేళ్లకోసారి 5 శాతం పెంపు అని రాసింది. అదే పెంపు మన 20,000కు పెడితే, దాని ఈనాటి విలువ 35 లక్షల దాకా వెళ్తుంది. పెంపు లేకపోతే? ధరలు ఏటా 5 శాతం పెరిగితే, పదిహేనేళ్ల తర్వాత ఆ 20,000 ఇవాళ్టి 9,600తో సమానం. పెంపు కోసం మళ్లీ కోర్టుకెళ్లే హక్కు ఉంది, పరిస్థితులు మారాయని చూపించాలి, కానీ రెండేళ్లకోసారి ఎవరు తిరుగుతారు? ఆర్డరులోనే పెంపు రాయించుకోవడం తప్పనిసరి.

పన్ను కూడా చూడాలి. ఏకమొత్తం ఆదాయం కిందికి రాదని, నెలనెలా వచ్చేది ఆదాయమేనని బొంబాయి హైకోర్టు తీర్పు ఉంది. ఇచ్చేవాళ్లకు ఎటూ మినహాయింపు లేదు. చిన్న మొత్తాలకు ఇది పెద్ద తేడా కాదు. ఉద్యోగం చేస్తున్న స్త్రీకి నెలకు లక్ష వస్తుంటే తేడాయే. ఏకమొత్తాన్ని డిపాజిట్ చేస్తే దాని వడ్డీ మీద పన్ను పడుతుందనీ గుర్తుంచుకోవాలి.

వసూలు: అసలు తేడా ఇక్కడ

ప్రభుత్వోద్యోగి, బ్యాంకు ఉద్యోగి, పెద్ద కంపెనీలో పర్మనెంటు మనిషి అయితే నెలవారీ భరణం నమ్మకమైనది. ఎగ్గొడితే ఈపీ (డిక్రీ అమలుకు వేసే పిటిషన్) వేసి జీతం జప్తు చేయించవచ్చు. మామూలు అప్పుల డిక్రీలకు జీతంలో ఎక్కువ భాగానికి రక్షణ ఉంటుంది. భరణం డిక్రీ అయితే సివిల్ ప్రొసీజర్ కోడ్ (సీపీసీ) 60వ సెక్షన్ ప్రకారం మూడో వంతుకే రక్షణ, మిగతాది జప్తుకు అందుతుంది. డబ్బు నేరుగా ఆమె ఖాతాకు పంపేలా జీతం ఇచ్చే ఆఫీసుకు ఆర్డరు వెళ్తే రోజువారీ గొడవే ఉండదు.

వ్యాపారి, రియల్ ఎస్టేట్ మధ్యవర్తి, కాగితం మీద ఆదాయమే కనిపించని మనిషి అయితే, నెలవారీ ఆర్డరు గోడకు కట్టుకున్న క్యాలెండరే. ఇలాంటి చోట తక్కువైనా సరే ఏకమొత్తం, లేదా ఇల్లో ప్లాటో ఆమె పేరున రిజిస్టరు చేయించుకోవడం మంచిది.

ఎం.సి. ఆర్డరులో వసూలుకు గట్టి ఆయుధం ఉంది: వారంటు, ఆపై ప్రతి నెల బకాయికి నెల దాకా జైలు. జైలుకెళ్లినంత మాత్రాన బాకీ తీరిపోదని సుప్రీంకోర్టు 1988లో చెప్పింది. కానీ బకాయి పడిన ఏడాదిలోపే వసూలు పిటిషన్ వేయాలి. "ఇస్తాడులే" అని మూడేళ్లు ఆగి వస్తే, పాత రెండేళ్లకు ఈ ఆయుధం పనిచేయదు. ఏటా ఒక పిటిషన్ పడేలా చూసుకోవడమే దారి. 25వ సెక్షన్ డిక్రీకి మామూలు సివిల్ డిక్రీలాగే పన్నెండేళ్ల గడువు.

భర్త అమెరికాలో ఉంటే నా ఓటు దాదాపు ఎప్పుడూ ఏకమొత్తానికే. మన కోర్టు భరణం ఆర్డరును అక్కడ నేరుగా అమలు చేయించే ఒప్పందం లేదు, అక్కడి కోర్టులో మళ్లీ మొదలుపెట్టాలి. ఇక అక్కడి నుంచే విడాకుల కాగితం పంపించేస్తే? తిరుపతిలో పెళ్లయిన జంట విషయంలో మిస్సోరీ కోర్టు ఇచ్చిన విడాకులు ఇక్కడ చెల్లవని 1991లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇండియాలో అతని పేరున ప్లాటో, వాటానో ఉంటే దాని మీద చార్జ్ అడగడం మరిచిపోవద్దు.

మళ్లీ పెళ్లి, మరణం, పిల్లలు

ఆమె మళ్లీ పెళ్లి చేసుకుంటే నెలవారీ భరణం రద్దు చేయించుకోవచ్చు. తీసుకున్న ఏకమొత్తం తిరిగివ్వక్కర్లేదు. ముప్పై దాటని, మళ్లీ పెళ్లి ఆలోచన ఉన్న అమ్మాయికి ఏకమొత్తం మేలనడానికి ఇదొక్కటే చాలు. యాభై దాటిన, ఉద్యోగం లేని గృహిణికి సరిగ్గా తిరగేసి ఆలోచించాలి. చేతికొచ్చిన పాతిక లక్షలు అన్నదమ్ముల వ్యాపారానికో, మేనకోడలి పెళ్లికో పోవడం అరుదేమీ కాదు.

ఇచ్చేవాడు చనిపోతే నెలవారీ చిక్కులో పడుతుంది. విడాకులైన భార్య వారసురాలు కాదు, ఫ్యామిలీ పెన్షన్‌కూ ఆమెకు హక్కు ఉండదు. ఆస్తి మీద చార్జ్ ఉంటేనే వెనక్కి తిరిగి అడగడానికి పట్టు దొరుకుతుంది. అందుకే నెలవారీ ఎంచుకున్నవాళ్లు చార్జ్ కోరిక తప్పక రాయించాలి. ఆచరణలో అతి తక్కువగా అడిగేది కూడా ఇదే.

పిల్లల భరణం ఏకమొత్తంలో కలపకూడదు. తల్లి తన హక్కు వదులుకోవచ్చు గానీ, బిడ్డ హక్కు వదలడానికి ఆమెకు అధికారం లేదు. అలా రాసుకున్న ఒప్పందం తర్వాత నిలవదు. అది భర్తకూ ప్రమాదమే: అంతా ఇచ్చేశాననుకున్నవాడి మీద పిల్లల పేరున కొత్త పిటిషన్ పడుతుంది.

ఇంకో సంగతి. పుట్టింటివాళ్లు పెట్టిన బంగారం, పసుపుకుంకుమగా ఇచ్చిన పొలం ఆమె స్త్రీధనం. అది ఆమె సొత్తు, భరణం కాదు. "పాతిక లక్షలిచ్చాం" అన్న బేరాల్లో అందులో పదిహేను లక్షలు ఆమె బంగారమే అయిన సందర్భాలుంటాయి. ఒప్పందంలో స్త్రీధనం జాబితా వేరే పేజీలో, తూకంతో సహా రాయాలి.

ఏకమొత్తమే అనుకుంటే

పరస్పర అంగీకార విడాకుల్లో ఇద్దరూ కోర్టు ముందు రెండుసార్లు కోరాలి. మొదటి మోషనుకూ రెండోదానికీ మధ్య ఆరు నెలలు. ఇద్దరి మధ్యా అన్నీ తేలిపోయి ఉంటే ఆ గడువును కోర్టు మాఫీ చేయొచ్చని 2017లో తీర్పు వచ్చింది. డిక్రీ పడేదాకా ఎవరైనా అంగీకారం వెనక్కి తీసుకోవచ్చు. అందుకే మొత్తాన్ని రెండు భాగాలు చేయాలి: కొంత మొదటి మోషన్ రోజున, మిగతాది రెండో మోషన్ రోజున జడ్జిగారి ముందు డీడీగా. చెక్కు తీసుకోవద్దు. డీడీ నంబరు, బ్యాంకు, తేదీ డిపోజిషన్‌లో (కోర్టులో ఇచ్చే వాంగ్మూలంలో) రికార్డయ్యేలా చూడాలి. ఇల్లు ఇస్తానంటే, ఆ రిజిస్ట్రేషన్ రెండో మోషన్‌కు ముందే జరగాలి. తర్వాత చేస్తానన్న మాటకు మళ్లీ ఈపీ వేయాల్సి వస్తుంది. భర్త మీద పెట్టిన నేరం కేసులు ఉంటే, వాటిలో రాజీ మెమో చివరి డీడీ చేతిలో పడిన రోజునే ఇవ్వాలి. వంద రూపాయల స్టాంపు కాగితం మీద పెద్దమనుషులు రాయించిన తెగతెంపులకు, కులాచారంగా కోర్టులో రుజువైతే తప్ప, విడాకుల విలువ లేదు. ఆ కాగితం చూపించి డబ్బిచ్చినవాడు మళ్లీ ఇవ్వాల్సి రావచ్చు, దాన్ని నమ్మి మళ్లీ పెళ్లి చేసుకున్నవాళ్ల పెళ్లి చెల్లకపోవచ్చు.