చెయ్యి కొరుక్కునే పిల్లాడికి స్కేలు మేలా, ఏబీసీ రికార్డు మేలా?

మేధో వైకల్యం ఉన్న పిల్లల ప్రవర్తనను ఎలా అంచనా వేయాలన్న మాట వస్తే స్పెషల్ ఎడ్యుకేటర్లలో కొందరు బేసిక్-ఎంఆర్ స్కేలు (ఒక్కో ప్రవర్తనకు మార్కు వేసే జాబితా) అంటారు, కొందరు ఏబీసీ రికార్డు (ప్రవర్తనకు ముందూ వెనకా ఏం జరిగిందో రాసుకునే పుస్తకం) అంటారు.

బేసిక్-ఎంఆర్ మన సికింద్రాబాద్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే జాతీయ సంస్థ (ఇప్పటి పేరు ఎన్ఐఈపీఐడీ) నుంచి 1992లో వచ్చింది. రీటా పేషావరియా, ఎస్. వెంకటేశన్ దీన్ని రూపొందించారు. మొదటి భాగంలో నైపుణ్యాలు, రెండో భాగంలో 75 సమస్యాత్మక ప్రవర్తనలు ఉంటాయి. ఎప్పుడూ చేయకపోతే 0, అప్పుడప్పుడు చేస్తే 1, తరచూ చేస్తే 2. కొత్తగా చేరిన పిల్లాడి గురించి తల్లితో కూర్చుని ఇది నింపితే మనం అడగడం మర్చిపోయే భయాలు, మొండితనాలు కూడా బయటికొస్తాయి. ఆ పనికి దీన్ని మించింది నాకు కనబడలేదు.

కానీ ఇద్దరు పిల్లలు చెయ్యి కొరుక్కుంటున్నారనుకోండి. ఇద్దరికీ 2 పడుతుంది. ఒకడు రాత పని ఇవ్వగానే కొరుక్కుంటాడు, రెండోవాడు ఎవరూ తనను పట్టించుకోనప్పుడు. ఇద్దరినీ క్లాసు బయట కూర్చోబెడితే మొదటివాడికి పని తప్పింది కాబట్టి రేపు ఇంకా ఎక్కువ కొరుక్కుంటాడు. ఈ తేడా స్కేలు చెప్పదు. ముందు ఏం జరిగింది, పిల్లాడు ఏం చేశాడు, తర్వాత మనం ఏం చేశాం అని మూడు గళ్లలో రాసే ఏబీసీ రికార్డే చెబుతుంది.

క్లాసు చూసుకుంటూ అంత రాయడం ఎలా కుదురుతుందని టీచర్లు అడుగుతారు. న్యాయమైన మాటే, ముఖ్యంగా ఆయా లేని చోట. అందుకే అన్నీ రాయక్కర్లేదు. పిల్లాడికి దెబ్బ తగిలే ప్రవర్తన ఒక్కటి ఎంచుకుని, అది ఎక్కువగా వచ్చే పీరియడ్‌లోనే రాస్తే చాలు. ఆ పీరియడ్‌లో రెండో మనిషి సాయం అడగడం టీచర్ హక్కని నేను గట్టిగా నమ్ముతాను.

కాబట్టి చేరినప్పుడు, మూడు నెలలకోసారి సమీక్షకు స్కేలు. ప్రవర్తన మార్చాలని కూర్చున్నప్పుడు మాత్రం ఏబీసీయే. ఇంకో కారణం కూడా ఉంది. రోజుకు ముప్పైసార్లు కొరుక్కునేవాడు పదిసార్లకు తగ్గినా స్కేలులో ‘తరచూ’ కిందే ఉండిపోవచ్చు. ఆ తగ్గుదల అమ్మానాన్నలకు చూపించాలంటే రికార్డు పుస్తకమే తెరవాలి.