మేనేజర్‌గా ఎవరు మేలు: పాత మనిషా, బయటి మనిషా?

షాపులో మనుషులు పదిహేను, ఇరవై మంది అయ్యేసరికి ఓనర్‌కి ఒంటిచేత్తో నడవదు. పొద్దున షట్టర్ ఎత్తడం నుంచి రాత్రి గల్లా లెక్క దాకా అన్నీ తానే చూసుకున్నవాడు, రెండో బ్రాంచ్ పెట్టగానే, లేదా ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగోక పది రోజులు హాస్పిటల్ చుట్టూ తిరగాల్సి రాగానే, ఒక మేనేజర్ ఉంటే బాగుండు అనుకుంటాడు. ఆ మేనేజర్ ఎవరన్న దగ్గరే పేచీ. ఏళ్ల తరబడి నమ్మకంగా చేస్తున్న సీనియర్‌ని కూర్చోబెట్టాలా, ఎక్కడో పెద్ద షోరూమ్‌లో చేసొచ్చిన మనిషిని ఎక్కువ జీతమిచ్చి తెచ్చుకోవాలా? నేను చిన్న వ్యాపారాలకు లెక్కలు, జీఎస్టీ రిటర్నులు చూస్తుంటాను కాబట్టి బట్టల షాపైనా, మెడికల్ ఏజెన్సీ అయినా, హార్డ్‌వేర్ దుకాణమైనా ఈ పంచాయితీ నా టేబుల్ దాకా వస్తుంది. జీతం ఎంత వేయాలో అడగడానికి వస్తారు, చివరికి మనిషి సంగతే మాట్లాడుకుంటాం.

నా మాట ముందే చెప్పేస్తాను. షాపు బాగానే నడుస్తుంటే పాత మనిషి, షాపులో ఏదో చెడ్డ అలవాటు పాతుకుపోయి ఉంటే బయటి మనిషి. చాలామంది మనుషుల్ని పక్కపక్కన నిలబెట్టి పోలుస్తారు, ముందు షాపుని చూసుకోవాలి.

పాత మనిషి దగ్గర ఉన్నది ఏ సర్టిఫికెట్‌లోనూ దొరకదు. సూరత్ నుంచి వచ్చే బేళ్లలో ఏ పార్టీ సరుకులో డ్యామేజీ ఎక్కువ, ఎవరికి పెళ్లి బట్టలు అరువిచ్చినా డబ్బులు తిరిగొస్తాయి, ఏ కుర్రాడికి ఆదివారం సెలవిస్తే సోమవారం కూడా డుమ్మా కొడతాడు, ఇవన్నీ అతనికి నోటి మీదుంటాయి. బయటి మనిషికి ఇవి తెలియాలంటే ఒక దసరా, ఒక పెళ్లిళ్ల సీజన్ గడవాలి, అంటే దగ్గర దగ్గర ఏడాది, ఆ ఏడాదంతా జీతం మీరు ఇస్తూనే ఉంటారు. అయినా పెరటి చెట్టు మందుకు పనికిరాదన్నట్టు, మన దగ్గరున్నవాడు మన కంటికి ఆనడు. పక్క వీధి షాపువాడు రెండువేలు ఎక్కువిస్తానని కబురు పెట్టినప్పుడు గానీ వాడి విలువ తెలిసిరాదు. పైగా మిగతా కుర్రాళ్లు చూస్తుంటారు కదా. ఇక్కడ పదేళ్లు చేస్తే పైకి వెళ్లొచ్చన్న ఆశ ఒకటి ఉంటేనే వాళ్లూ నిలబడతారు.

అయితే పాత మనిషి అనగానే ఓనర్లకి తోచేది అందరికన్నా ఎక్కువ అమ్మేవాడు. అక్కడే దెబ్బ తింటారు. నాకు తెలిసిన ఒక చీరల షాపులో ఇలాగే జరిగింది. ఆ సేల్స్‌మన్ ఒక చీర కోసం వచ్చిన ఇంటికి మూడు కట్టించి పంపగలడు. మడత విప్పి, కొంగు తన భుజం మీద వేసుకుని అద్దం ముందు నిలబడ్డాడంటే ఆడవాళ్లు నవ్వుకుంటూనే బిల్లింగ్ కౌంటర్‌కి నడిచేవారు. అతన్ని మేనేజర్‌ని చేశారు. నెల తిరిగేసరికి శనివారం సాయంత్రం ఆరింటికి, షాపు కిటకిటలాడే వేళ, పట్టు సెక్షన్‌లో నలుగురు ఉండాల్సిన చోట ఇద్దరే ఉన్నారు. మిగతా ఇద్దరికీ పర్మిషన్ ఇచ్చింది ఈయనే. నిన్నటిదాకా కలిసి ఒకే క్యారియర్‌లో తిన్నవాళ్లు "అన్నా, ఒక్క గంట, ఇప్పుడే వచ్చేస్తా" అంటే కాదనలేకపోయాడు. పెద్ద పార్టీ ఎవరైనా వస్తే మాత్రం కుర్రాడి చేతిలోంచి చీర అందుకుని తనే చూపించేవాడు, ఎందుకంటే తనకు చేతనైన పని అది. కుర్రాళ్లు చేతులు కట్టుకుని నిలబడడం నేర్చుకున్నారు. అమ్మేవాడు పోయాడు, మేనేజర్ రాలేదు.

ఇది మన ఊళ్ల జబ్బే అనుకోకండి. అమెరికాలో చాలా కంపెనీల సేల్స్ ఉద్యోగుల రికార్డులు తీసుకుని ముగ్గురు ఆర్థికవేత్తలు చేసిన పరిశోధన ఒకటి 2019లో అచ్చయింది. బాగా అమ్మేవాళ్లకే ప్రమోషన్లు ఎక్కువగా దక్కుతున్నాయని, కానీ అలా మేనేజర్లయిన వాళ్ల కింద టీమ్ అమ్మకాలు తగ్గుతున్నాయని అందులో తేలింది. నాకు ఇంకా ఆసక్తిగా అనిపించింది వేరే సంగతి: మేనేజర్ కాకముందే ఇతరులతో కలిసి అమ్మిన అలవాటున్నవాళ్లు తర్వాత మంచి మేనేజర్లయ్యారు, కంపెనీలు మాత్రం ఆ అలవాటుకి పెద్దగా విలువ ఇవ్వలేదు. మన షాపుల్లో ఇది కనిపెట్టడం చాలా తేలిక. ఒకేసారి ఇద్దరు కస్టమర్లు వచ్చినప్పుడు ఎవడు రెండోవాళ్లని పక్కవాడికి అప్పజెప్పి, "ఈ అమ్మగారికి లైట్ కలర్స్ నచ్చుతాయి, అవి తియ్యి" అని ఒక మాట కూడా అందిస్తాడో చూడండి. మీ మేనేజర్ వాడు, అమ్మకాల లిస్టులో నాలుగో స్థానంలో ఉన్నా సరే. మొదటి స్థానంలో ఉన్నవాడికి ఇన్సెంటివ్ పెంచండి, సీనియర్ సేల్స్‌మన్ అని హోదా ఇవ్వండి, చీరల దగ్గరే ఉండనివ్వండి.

డబ్బు లెక్క కూడా చెప్తాను, ఎందుకంటే పాత మనిషి చవక అనే భ్రమ ఒకటుంది. పదిమంది, అంతకు మించి పనిచేసే చోట ఐదేళ్లు నిండినవాళ్లకు గ్రాట్యుటీ ఇవ్వాలి కదా, ఆ లెక్క చివరి జీతం మీద వేస్తారు: నెలకు 26 రోజులుగా తీసుకుని, చేసిన ప్రతి ఏడాదికీ 15 రోజుల జీతం. పదిహేనేళ్లు చేసిన మనిషికి బేసిక్, డీఏ కలిపి 18,000 ఉంటే గ్రాట్యుటీ సుమారు 1,55,800. అదే మనిషిని మేనేజర్‌ని చేసి 28,000 చేశారనుకోండి, ఆ పదిహేనేళ్లకీ కొత్త జీతం మీదే లెక్క, 2,42,300 అవుతుంది. ఒక్క ఆర్డర్ కాగితంతో 86 వేలకు పైగా బాకీ పెరిగిందన్నమాట. ఇవ్వొద్దని నా ఉద్దేశం కాదు, అది అతని కష్టార్జితం, కానీ తెలిసి ఇవ్వండి. ఇంకోటి, దీన్ని దాదాపు ఎవరూ పట్టించుకోరు: జీతం 21,000 దాటితే మనిషి ఈఎస్‌ఐ నుంచి బయటికి వచ్చేస్తాడు. వెంటనే కాదు, ఏప్రిల్ నుంచి సెప్టెంబర్, అక్టోబర్ నుంచి మార్చి అని రెండు ఆరు నెలల విడతలుంటాయి, నడుస్తున్న విడత పూర్తయ్యేదాకా జీతంలోంచి ఈఎస్‌ఐ కోత ఉంటుంది, ఆ తర్వాత ఆగిపోతుంది. తల్లికి డయాలసిస్సో, భార్యకి ఆపరేషనో ఈఎస్‌ఐ మీదే నెట్టుకొస్తున్నవాడికి ఈ ప్రమోషన్ నిజానికి శిక్ష. జీతం పెంచే ముందు ఇంట్లో మందులు వాడేవాళ్లెవరో అడగండి. ఫ్యామిలీ హెల్త్ పాలసీ ఒకటి షాపు తరఫున తీసి, దాని ప్రీమియం కూడా కలిపి లెక్క వేసుకోండి.

బయటి మనిషి ఎలాగూ ఖరీదే. వార్టన్ బిజినెస్ స్కూల్‌లో మాథ్యూ బిడ్‌వెల్ అనే ప్రొఫెసర్ అమెరికాలో ఒక ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంక్ రికార్డులు చూసి 2011లో చెప్పింది ఇదే: అదే పనికి బయటి నుంచి వచ్చినవాళ్లకు, లోపల నుంచి పైకొచ్చినవాళ్లకన్నా సుమారు 18 శాతం ఎక్కువ ఇచ్చారు, మొదటి రెండేళ్లలో వాళ్ల పనితీరుకి మార్కులు మాత్రం తక్కువే పడ్డాయి. బ్యాంకుకీ బట్టల షాపుకీ పోలికేమిటంటారా, కొత్త చోట కుదురుకోవడానికి పట్టే టైమ్ ఎక్కడైనా టైమే.

మరి ఆ ఖర్చు ఎప్పుడు పెట్టాలి? ఒక మందుల ఏజెన్సీ సంగతి చెప్తాను. అమ్మకాలు బాగున్నాయి, లాభం మాత్రం కనిపించడం లేదు. కంపెనీలు ఇచ్చే 10+1 స్కీముల్లో, అంటే పది కొంటే ఒకటి ఫ్రీ, ఆ ఒక్కటీ ఎటు పోతోందో లెక్క లేదు, ఎక్స్‌పైరీ సరుకు గడువులోగా కంపెనీకి తిరిగి వెళ్లడం లేదు. అక్కడ పాతవాళ్లకి ఇది తెలియక కాదు. గోడౌన్ చూసేవాడు ఓనర్‌కి దూరపు చుట్టం, బిల్లింగ్ చూసేవాడికి వాడు బావ, ఎవరు నోరు విప్పుతారు? కొత్తగా వచ్చిన మేనేజర్ మూడో రోజే స్కీముల రిజిస్టర్ అడిగాడు. అలాంటిది లేదన్నారు. అరవై పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి కొని, గీతలు తనే గీసి, ప్రతి ఇన్‌వాయిస్‌లో ఫ్రీగా వచ్చిన సరుకు బ్యాచ్ నంబర్‌తో సహా ఎక్కించడం మొదలుపెట్టాడు. వెనకాల "కొత్త బిచ్చగాడు పొద్దెరగడు" అని నవ్వుకున్నారు, రెండు వారాలు బిల్లులు లేట్ చేశారు, ఒకడు సెలవు పెట్టి బెదిరించాడు. ఆ పుస్తకం నిండేలోపే లాభం తేడా నా లెక్కల్లో కూడా కనిపించింది. ఈ పని లోపలివాడు చేయలేడు. ఎంత నిజాయితీపరుడైనా రేపు అదే వీధిలో, అదే పెళ్లిలో వాళ్ల మొహాలు చూడాలి.

పెద్ద కంపెనీల కథలూ ఇలాగే ఉంటాయి, కాకపోతే పేపర్లో వస్తాయి. టీసీఎస్ ఎప్పుడూ లోపలివాళ్లనే నమ్ముకుంది, 2023లో సీఈఓ అయిన కృతివాసన్ అక్కడ చేరింది 1989లో. ఇన్ఫోసిస్ 2014లో మొదటిసారి వ్యవస్థాపకులు కాని మనిషిని, బయటి నుంచి విశాల్ సిక్కాని తెచ్చుకుంది, వ్యవస్థాపకులతో గొడవలు బజారున పడి 2017 ఆగస్టులో ఆయన రాజీనామా చేశారు. 2018 జనవరిలో వచ్చిన సలీల్ పరేఖ్ కూడా బయటి మనిషే, ఆయన మాత్రం నిలబడ్డారు, 2022లో మళ్లీ ఐదేళ్లకు పొడిగించారు. ఇద్దరూ బయటివాళ్లే కాబట్టి తేడా అక్కడ లేదు. నా లెక్కలో, పరేఖ్ వచ్చేసరికి వ్యవస్థాపకుల్లో ఒకరైన నందన్ నిలేకని వెనక్కి తిరిగొచ్చి, ఛైర్మన్ కుర్చీలో కూర్చుని కొత్తాయనకి అండగా నిలబడడమే తేడా.

మన హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కంపెనీ సత్యం అయితే రెండూ వాడింది. 2009 జనవరి 7న లెక్కల మోసం బయటపడ్డాక ప్రభుత్వం వేసిన బోర్డు ఫిబ్రవరిలో లోపలి మనిషినే, ఎ.ఎస్. మూర్తి గారిని సీఈఓ చేసింది. కస్టమర్లు పారిపోకుండా, జీతాలు వస్తాయో రావో అని టెన్షన్ పడుతున్న వేలమందిని పట్టి ఉంచడానికి వాళ్లకి తెలిసిన మొహం కావాలి. టెక్ మహీంద్రా కంపెనీని కొన్నాక, ఆ ఏడాదే బయటి నుంచి సి.పి. గుర్నానీ వచ్చారు. నిప్పు ఆర్పేటప్పుడు ఒకరు, ఇల్లు మళ్లీ కట్టేటప్పుడు ఇంకొకరు.

మూడో రకం ఒకటుంది, బామ్మర్ది. దాని గురించి ఎక్కువ చెప్పను. పని తెలిసిన బామ్మర్ది అయితే వేరే షాపులో రెండేళ్లు చేసి రమ్మనండి. వెళ్లనంటే మీకు జవాబు దొరికినట్టే.

ఇప్పుడు అసలు చిక్కు. పాతవాడైనా కొత్తవాడైనా మేనేజర్లు ఫెయిలయ్యేది ఎక్కువగా ఓనర్ ఫోన్ వల్ల. కుర్రాడు సెలవు అడిగాడు, మేనేజర్ కుదరదన్నాడు, కుర్రాడు ఓనర్‌కి ఫోన్ చేశాడు, ఓనర్ "సరేలేరా, వెళ్లిరా" అన్నాడు. అయిపోయింది, ఆ రోజుతో ఆ మేనేజర్ పని గల్లా ముందు కూర్చోవడం వరకే. ఫోన్ ఎత్తండి, పలకరించండి, కానీ "మేనేజర్ గారిని అడుగు" అన్న మాట తప్ప ఇంకోటి అనకండి. మేనేజర్ నిర్ణయం తప్పనిపిస్తే రాత్రి షట్టర్ దించాక ఆయనకే చెప్పండి, పదిమందిలో కాదు. ఇంకా, ఏ అధికారం ఇస్తున్నారో నోటితో కాక కాగితం మీద రాయండి: సెలవులు ఎన్ని రోజుల దాకా, డిస్కౌంట్ ఎంత శాతం దాకా, అడ్వాన్స్ ఎంత దాకా. ఐదువేల లోపు అడ్వాన్స్ మీరే ఇవ్వండి అని రాసిచ్చిన షాపులో, ఓనర్ దగ్గరికి పొద్దున్నే వచ్చే క్యూ దానంతటదే తగ్గిపోతుంది.

పాత మనిషిని అనుకుంటే ఒకేసారి మేనేజర్ బోర్డు పెట్టకండి, మూడు నెలలు ఇన్‌ఛార్జ్ అనండి, ఆ మూడు నెలలకీ వేరే అలవెన్స్ ఇవ్వండి, బేసిక్ కదపకండి. కుదరకపోతే ఇద్దరికీ పరువు పోకుండా వెనక్కి రావొచ్చు. చూడాల్సింది అమ్మకాలు కాదు, ఎవరికి కాదని చెప్పగలిగాడు, చెప్పాక కూడా వాళ్లు అతనితో కలిసి టీ తాగుతున్నారా అన్నది. మొదలుపెట్టేది సీజన్ మధ్యలో వద్దు. బట్టల షాపైతే శ్రావణం నుంచి దసరా దాకా ఎవరినీ కదపకండి.

బయటి మనిషినే తెస్తున్నారా, ఆ మాట మీ సీనియర్‌కి మీ నోటి నుంచే ముందు తెలియాలి. ప్రకటన వాట్సాప్‌లో తిరిగి, ఎవడో ఫార్వర్డ్ చేస్తే తెలిస్తే ఆ మనిషి చేతిలో ఉన్న తాళం చెవి మీ టేబుల్ మీదకి వస్తుంది. కూర్చోబెట్టి, ఎందుకు బయటి నుంచి తెస్తున్నారో, అతని జీతం ఎంత పెంచుతున్నారో, కొత్తాయన అతనికి ఏ ఏ విషయాల్లో పైవాడో, ఏ విషయాల్లో కాదో సూటిగా చెప్పేయండి. వినగానే కోపం వస్తుంది, రానివ్వండి. రెండు రోజులు సెలవు అడిగితే ఇచ్చేయండి.