మొదటిసారి స్కీయింగ్‌కి వెళ్లేవాళ్లకు సాంక్ట్ ఆంటన్ ప్యాకేజీ అంటగడుతున్నారు, జాగ్రత్త!

మ్యూనిక్ చుట్టుపక్కల ఉంటూ ఈ చలికాలం మొదటిసారి స్కీయింగ్‌కి వెళ్దామనుకుంటున్న తెలుగువాళ్లు డబ్బు కట్టేముందు ఇది చదవండి.

పోయిన ఫిబ్రవరిలో నేను, మా ఆవిడ, మా బావమరిది ఆస్ట్రియాలోని సాంక్ట్ ఆంటన్ అనే స్కీయింగ్ ఊరికి వెళ్లాం. అతనికి నాలుగు సీజన్ల అనుభవం ఉంది. మా ఇద్దరికీ స్కీలు తగిలించుకోవడమే మొదటిసారి. ఆ సంగతి ఏజెంటుకి ఫోన్లో చెప్పాను, మెయిల్లోనూ రాశాను. "ఆస్ట్రియాలో అన్నిటికంటే పెద్ద ఏరియా సార్, 300 కిలోమీటర్ల పిస్టులు, బ్లూలు బోలెడు, మీలాంటివాళ్లకి బెస్ట్" అన్నాడు. పిస్టు అంటే జారడానికి మంచు చదును చేసి ఉంచే దారి, బ్లూ అంటే వాటిలో తేలికదని గుర్తు. 300 మాట నిజమే. 2016లో ఫ్లెక్సెన్‌బాన్ అనే కేబుల్ లిఫ్ట్ వచ్చాక సాంక్ట్ ఆంటన్, దాని పక్క ఊళ్లు ట్స్యూర్స్, లెఖ్ అన్నీ లిఫ్టులతో ఒకటైపోయాయి. కానీ మొదటి వారం నేర్చుకునేవాడికి కావలసింది ఒక మెత్తటి వాలు, ఒక చిన్న లిఫ్ట్. మాచేత అన్ని లిఫ్టులూ ఎక్కనిచ్చే ఆరు రోజుల ఫుల్ పాస్ కొనిపించారు. అక్కడ ఒక్కరోజు టికెట్టే 70 యూరోలు దాటుతుంది. స్కీ స్కూల్ మాత్రం ప్యాకేజీలో లేదు. "అక్కడికెళ్లాక దొరుకుతుంది" అన్నారు. స్కూల్ సెలవుల వారం కావడంతో గ్రూపులన్నీ నిండిపోయాయి.

బ్లూ అనే మాట దగ్గరే మేం మోసపోయాం. ఆస్ట్రియాలో బ్లూ, రెడ్, బ్లాక్ మూడే రంగులు. ఫ్రాన్స్‌లోలా పసివాళ్లు కూడా జారగలిగే గ్రీన్ విడిగా ఉండదు. బ్లూ అంటే వాలు మామూలుగా 25 శాతం దాటకూడదు, రెడ్ అయితే 40. అంటే బ్లూలో కూడా వంద మీటర్లకు పాతిక మీటర్లు కిందికి దిగే చోట్లు ఉండొచ్చు. పైగా ఆ రంగు వాలు సంగతే చెబుతుంది. మధ్యాహ్నానికి మంచు ఎలా గట్టిపడుతుందో, వెనకనుంచి ఎంతమంది దూసుకొస్తారో చెప్పదు.

రెండోరోజు గొండోలాలో, అంటే తీగ మీద వెళ్లే క్యాబిన్ లిఫ్టులో, గాల్జిగ్ కొండ ఎక్కాం. ఊరు 1,304 మీటర్ల ఎత్తున ఉంటే గాల్జిగ్ 2,185. మ్యాప్‌లో ష్టైస్‌బాఖ్‌టాల్ అనే లోయ మీదుగా ఊళ్లోకి నీలం గీత కనిపించింది కదా, నెమ్మదిగా దిగిపోదాం అనుకున్నాం. మధ్యాహ్నం మూడు దాటేసరికి నాలుగు వైపుల నుంచి ఇళ్లకు దిగేవాళ్లంతా ఆ లోయలోకే వచ్చారు. మంచు గుట్టలు గుట్టలుగా లేచి, మధ్యమధ్య గాజులా మెరిసే ఐస్ తేలింది. ఒకతను మా ఆవిడకు జానెడు దూరంలోంచి దూసుకెళ్లాడు. ఆమె బెదిరి పక్కకు ఒరిగింది. ఎడమ స్కీ మంచులో ఇరుక్కుంది, ఒళ్లు మాత్రం తిరిగిపోయింది. బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగ్ ఊడలేదు. మోకాలు పట్టుకుని ఆమె పెట్టిన కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. కొండమీద గస్తీ తిరిగే స్కీ రక్షణ సిబ్బంది వచ్చి, గాయపడ్డవాళ్లను మోసే అకియా అనే స్లెడ్జిలో పడుకోబెట్టి దించారు. లిగమెంట్ సగం చిరిగిందన్నారు.

ఈ బైండింగ్ సంగతి కాస్త శ్రద్ధగా చదవండి. దాని ముందూ వెనకా చిన్న కిటికీలో ఒక అంకె కనబడుతుంది. పడినప్పుడు స్కీ ఎంత బలానికి ఊడిపోవాలో ఆ అంకె నిర్ణయిస్తుంది. బరువు, ఎత్తు, వయసు, బూటు పొడవు, ఏ స్థాయి స్కీయర్ అనేవి చూసి షాపువాళ్లు దాన్ని బిగిస్తారు. మర్నాడు రెంటల్ షాపుకెళ్లి ఫారం చూపించమన్నాను. ఏజెంటు ఆన్‌లైన్లో మా ముగ్గురికీ ఒకే స్థాయి నింపేశాడు: ఇంటర్మీడియట్. మా ఆవిడ బైండింగ్ మీద 5.5 ఉంది. బిగినర్ అని ఉంటే అంతకంటే తక్కువ పెట్టేవాళ్లమని షాపతను చెప్పాడు. అది ఊడి ఉంటే మోకాలు నిలిచేదేమో, ఖాయంగా చెప్పలేను. కానీ మీ ఫారం మీరే నింపండి. తప్పు అనిపిస్తే షాపులో నిలబడి మార్పించండి, మొహమాటపడొద్దు.

మా బావమరిదికి మాత్రం ఆ ఊరు పండగే. గాంపెన్, కాపాల్ వైపు రెడ్‌లు, ఎదురుగా రెండ్ల్ కొండ, 2001 ప్రపంచ ఛాంపియన్‌షిప్ జరిగిన వాలులు అన్నీ తిరిగాడు. ఇంకా గట్టివాళ్లకు షిండ్లర్‌కార్ లాంటి స్కీ రూట్లు ఉన్నాయి. వాటికి గుర్తులైతే ఉంటాయి కానీ పిస్టులా మంచు చదును చెయ్యరు. 2,800 మీటర్లు దాటిన వల్లూగా శిఖరం మీదికి గైడ్ లేకుండా స్కీలు తీసుకెళ్లనివ్వరు. కాబట్టి తప్పు ఊరిది కాదు. మా కోసం అది అమ్మినవాడిది.

కొత్తవాళ్లు ఆర్ల్‌బెర్గే (ఈ ఊళ్లన్నీ ఉన్న ప్రాంతం పేరు అది) వెళ్లాలనుకుంటే లెఖ్, ఓబర్‌లెఖ్ వైపు చూడండి, వాలులు మెత్తగా ఉంటాయి. సాంక్ట్ ఆంటన్‌లోనే ఉండాల్సొస్తే నాస్సెరైన్ దగ్గర నేర్చుకునే చోటు ఉంది, దానికి దగ్గర్లో గది తీసుకోండి. మ్యూనిక్ నుంచైతే ఆస్ట్రియాలోనే ఉన్న విల్డర్ కైజర్ కొండల వైపు స్కీ ఏరియా ఇంకా దగ్గర. పాస్ కంటే ముందు స్కీ స్కూల్ బుక్ చెయ్యండి. గ్రూపు క్లాసులు ఎక్కువగా ఆదివారమో సోమవారమో మొదలవుతాయి, మధ్యలో చేరడం కష్టం. చాలా చోట్ల కొత్తవాళ్ల లిఫ్టులకు మాత్రమే చవక టికెట్టు ఉంటుంది, అడగండి. సాయంత్రం అలసిపోతే గొండోలాలోనే కిందికి రావచ్చేమో లిఫ్ట్ దగ్గర కనుక్కోండి. ఆరోజు మాకు ఆ ఆలోచనే రాలేదు.

ఇన్సూరెన్స్ కూడా. జర్మన్ ప్రభుత్వ ఆరోగ్య బీమా కొండ మీద నుంచి దించే ఖర్చు మామూలుగా ఇవ్వదు. హెలికాప్టర్ వస్తే బిల్లు వేల యూరోల్లో ఉంటుంది. ఆల్పెన్‌ఫెరైన్ అనే పర్వతారోహకుల సంఘం సభ్యత్వంలో రెస్క్యూ బీమా కలిసి వస్తుంది, మేం అది ముందే తీసుకోవాల్సింది. ఆస్ట్రియా కొండల్లో ఎమర్జెన్సీ నంబరు 140, ఫోన్లో వేసుకోండి.

ఏజెంటుకి మెయిళ్లు, ఫారం కాపీ జతచేసి రాశాను. వాడని నాలుగు రోజుల పాస్ డబ్బు అడిగితే "వోచర్ ఇస్తాం" అన్నారు. వద్దని, డబ్బే కావాలని రాశాను. మా ఆవిడ ఇప్పటికీ ఫిజియోథెరపీకి వెళ్తోంది. ఇలాంటి "బిగినర్" ప్యాకేజీయే ఎవరైనా బుక్ చేసుకుని ఉంటే, రెంటల్ ఫారంలో మీ పేరు ఎదురుగా ఏ స్థాయి రాశారో ఈరోజే అడిగి చూసుకోండి.